గంజీఫా నుండి పేకముక్క దాకా

క్రీ.శ. 1527లో, పానిపట్టు యుద్ధం ముగిసి ఏడాది దాటిన తరువాత, బాబరు పాదుషా సింధుదేశంలోని తట్టా ఏలిక షా హసనుకు ఒక కానుక పంపినాడు. అవి రత్నాలు కావు, గుర్రాలూ కావు. గంజీఫా అనే ఆటముక్కలు. షా హసనుకు ఆ ఆటమీద మక్కువ ఎక్కువ అనీ, అతడు అడిగినందువల్లనే పంపినాననీ పాదుషా తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. మన దేశంలో పేకముక్కల చరిత్రకు నమ్మదగిన తొలి ఆధారాలలో ఇది ఒకటి. అవి ఇక్కడికి పరదేశపు వస్తువుగా వచ్చినవని కూడ దీనివల్ల తెలుస్తున్నది.

పరదేశపు ఆటను స్వదేశపు ఆటగా చేసుకోవడం తేలిక పని కాదు. చదరంగంలో ఏనుగు రూపం మారినా దాని నడక బల్లమీద కనబడుతుంది. పేకముక్క అట్లా కాదు. చేతిలోని బొమ్మను గుర్తించలేనివాడు ఆట ఆడనేలేడు. ఆ బొమ్మలో రాజు ఉంటాడు, ఆయుధం ఉంటుంది, నాణెం ఉంటుంది. ఒక జాతికి అవి నిత్యపరిచితాలు. ఇంకొక జాతికి అర్థంకాని గీతలు. వేరువేరు సంప్రదాయాలలో పెరిగినవారు ఒక్క చాపమీద కూర్చుండి ఆడదగిన ముక్కలను ఎట్లా చిత్రించవలె? ఈ ప్రశ్నకు లోకం రెండు సమాధానాలు కనిపెట్టింది. రెండూ మన దేశంలో ఎదురెదురుగా వచ్చి నిలిచినవి.

మొదట ఈజిప్టు సంగతి చెప్పుకోవలె. మమ్లూకు సుల్తానుల కాలపు ముక్కలు ఇస్తాంబూలులోని తోప్‌కాపి రాజప్రాసాదంలో భద్రంగా ఉన్నవి. ఆ కట్టకు నాలుగు రంగులు: పానపాత్ర, నాణెం, ఖడ్గం, గుర్రమెక్కి బంతిని కొట్టే చౌగాను కర్ర. ఒక్కొక్క రంగులో రాజు, అతని నాయబు, రెండవ నాయబు, తక్కినవి అంకెల ముక్కలు. ఈ ఆట మధ్యధరా సముద్రం దాటి ఇటలీ చేరింది. 1377లో ఫ్లోరెన్సు నగరం దీనిని నిషేధిస్తూ శాసనం చేసినప్పుడు దాని పేరు 'నయిబ్బె' అని వ్రాసింది. అరబ్బీ నాయబే ఇటలీలో ఆట పేరైనాడు.

ఇటలీవారు పాత్రను, నాణేన్ని, ఖడ్గాన్ని ఉన్నవి ఉన్నట్లు తీసుకొన్నారు. చౌగాను ఆట మాత్రం వారెరుగరు. అందుచేత ఆ కర్ర వారి చేతిలో ఉత్త దుడ్డుకర్ర అయినది. సుమారు 1480 నాటికి ఫ్రాన్సులోని ముక్కల తయారీవారు ఈ బొమ్మలనన్నిటినీ విడిచిపెట్టినారు. హృదయం, పలక, మూడాకుల గడ్డి, ఈటెమొన అనే నాలుగు గుర్తులను నలుపు, ఎరుపు అనే రెండే రంగులలో, అచ్చురేకు పెట్టి అద్దినారు. పని త్వరగా ముగిసేది, వెల తగ్గేది. ఇది మొదటి సమాధానం: బొమ్మలోని అర్థాన్ని పిండివేసి, ఎవరైనా చప్పున ఆనవాలు పట్టగల ఆకారాన్ని మాత్రం మిగల్చడం. ఇంగ్లీషువారు ఆ ఫ్రెంచి గుర్తులను తీసుకొని, వాటిలో నలుపు గుర్తులు రెండింటికి ఖడ్గం, దుడ్డుకర్ర అనే పాత పేర్లనే ఉంచుకొన్నారు. నాటినుండి ఆ ముక్కలలో బొమ్మ ఒకటి, పేరు మరొకటి.

భారతదేశం చెప్పిన సమాధానం వేరు. దానికి సాక్షి అబుల్ ఫజలు. అక్బరు కొలువులో ఆడిన రెండు విధాల ముక్కలను అతడు 'ఐనె అక్బరీ'లో వర్ణించినాడు. ఒకదానికి పన్నెండు రంగులు. అశ్వపతి, గజపతి, నరపతి, గఢపతి, ధనపతి, దళపతి, నావపతి, స్త్రీ సింహాసనమెక్కిన తియపతి, సురపతి, అసురపతి, వనపతి, అహిపతి. ఒక్కొక్క రంగులో రాజు, మంత్రి, ఒకటి మొదలు పది దాకా అంకెల ముక్కలు. ఈ పేర్లు మన భాషలవే. సురపతి ఇంద్రుడు. అసురపతి స్థానంలో ఉన్నవాడు మాత్రం దావూదు కుమారుడైన సులేమాను. జిన్నులకు అతడు ప్రభువన్నది ముస్లిముల నమ్మకం. ఇంద్రుడూ సులేమానూ ఒకే కట్టలో ఇరుగుపొరుగులుగా కూర్చున్నారు. ఒకరికోసం ఒకరు తొలగిపోలేదు.

ఈ పట్టికలోని మొదటి మూడు పేర్లు చదివినప్పుడు తెలుగువారికి పాత బంధువులను చూచినట్లుంటుంది. అశ్వపతి, గజపతి, నరపతి అనే మూడు సింహాసనాల భావన మన చారిత్రక వాఙ్మయంలో స్థిరపడినది. 'రాయవాచకం' చదివినవారికి ఇది కొత్త కాదు. గుర్రపుదండు కల తురుష్క ప్రభువు అశ్వపతి; ఏనుగుల బలం కల ఓఢ్రరాజు గజపతి; కాల్బలం కల విజయనగర ప్రభువు నరపతి. అబుల్ ఫజలు కూడ అశ్వపతిని ఢిల్లీ రాజుతో, గజపతిని ఒరిస్సా రాజుతో పోల్చినాడు. నరపతి దగ్గరకు వచ్చేసరికి, బ్లాక్‌మన్ ఆంగ్లానువాదంలో కనబడే పేరు బీజాపూరు. దక్షిణాదిలో కవులు చెప్పుకొనే రాజకీయ భూగోళమే ఉత్తరాదిలో పాదుషా చేతిముక్కలలోనూ ఉన్నది.

రెండవ కట్టకు ఎనిమిది రంగులు: తాజు, సఫేదు, షంషేరు, గులాము, చంగు, సుర్ఖు, బరాతు, ఖిమాషు. కిరీటం, వెండినాణెం, ఖడ్గం, సేవకుడు, వీణవంటి వాద్యం, బంగారునాణెం, రాజపత్రం, వస్త్రసామగ్రి అని వీటిని మనం అర్థం చెప్పుకోవచ్చు. అక్బరు ముక్కల బొమ్మలను కొత్తగా దిద్దించినాడని అబుల్ ఫజలు వ్రాసినాడు. ధనపతి రంగులో టంకశాల పనివారు వచ్చినారు. బరాతు రంగులో కాగితం చేసేవాడు, లెక్క వ్రాసేవాడు, పుస్తకం కుట్టేవాడు వచ్చినారు. ఏ మతంవాడైనా, ఏ భాషవాడైనా పాదుషా కొలువులో పని చేసినవాడు ఈ మనుషులను ఎరుగును.

ఆట పద్ధతిలో ఒక విశేషం ఉన్నది. సగం రంగులలో రాజు, మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన సగంలో ఒకటి పెద్దది, పది చిన్నది. ముగ్గురు ఆడుతారు, ఎవరి ఆట వారిదే. తురుపు లేదు. ఎనిమిది రంగులైతే తొంబదియారు ముక్కలు, మనిషికి ముప్పదిరెండు. పగటివేళ ఎర్రనాణెపు రాజు, అనగా సూర్యుడు, ఎవరి చేత పడితే వారు ఆట మొదలుపెట్టవలె. రాత్రి ఐతే తెల్లనాణెపు రాజు, అనగా చంద్రుడు. ఈ నియమాల చట్రం ఎక్కడికి పోయినా చాలవరకు చెదరలేదు. మారినది బొమ్మ.

దశావతార గంజీఫా పుట్టినది ఈ చట్రంలోనే. ఎనిమిది రంగులు పది అయినవి, ముక్కలు నూటయిరవై అయినవి. మత్స్యం మొదలు కల్కి దాకా పది అవతారాలు పదిమంది రాజులు. సగం రంగులలో పది పెద్దది, సగంలో ఒకటి పెద్దది అన్న నియమం అట్లాగే ఉన్నది. సూర్యచంద్రుల స్థానంలో, చాలచోట్ల, పగలు రాముడు, రాత్రి కృష్ణుడు ఆట మొదలుపెడుతారు. పారశీక సంప్రదాయపు ఆట ఎరిగినవాడు ఈ కట్టను చేతబట్టి, పది గుర్తులు నేర్చుకొన్న వెంటనే ఆడగలడు. ప్రతి రంగుకూ నేల రంగు వేరు గనుక అక్షరం రానివానికీ ఇబ్బంది లేదు. ఇదే రెండవ సమాధానం: ఆట యొక్క ఎముకలు కదల్చకుండ, ఎవరి దేవుళ్లను వారు, ఎవరి రాజులను వారు ముక్కమీద నిలుపుకోవడం. అనువాదం చేసేవారికి ఈ పద్ధతి సుపరిచితమే. వాక్యం బిగువు చెడకుండ పదం మార్చడమే మా వృత్తి.

ఈ స్వేచ్ఛవల్ల దేశమంతటా ఎన్నో పేటలు గంజీఫా ఇంటిపనిగా చేపట్టినవి. వంగదేశంలో విష్ణుపురం, ఒరిస్సాలో రఘురాజపురం, కొంకణంలో సావంత్‌వాడి, తెలుగునాట నిర్మల ఇందులో పేరు పొందినవి. ఒరిస్సాలో పాతగుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, గుండ్రంగా కోసి, రంగులు వేసి, వెనుక లక్క పూస్తారు. అక్కడ ఆ ఆట పేరు గంజప. రామాయణపు పాత్రలు ముక్కలెక్కినవి. తొమ్మిదవ అవతారంగా తూర్పుదేశంలో జగన్నాథుడు కూర్చున్నాడు. మైసూరు ఏలిన మూడవ కృష్ణరాజ ఒడయరు (1794–1868) ఇంకా ముందుకు పోయి, 'శ్రీతత్త్వనిధి'లో చదు అనే ముక్కలాటలను పదమూడింటిని కల్పించినాడు. వాటిలో పెద్ద కట్టకు మూడువందల అరువది ముక్కలు. చిత్రకారునికి అది పండుగ. ఆడేవాడు అన్ని ముక్కలనూ గుర్తుంచుకోలేక ఓడిపోవడమూ సహజమే. బొమ్మలు పెరిగినకొద్దీ ఆట వెలుపలివారికి దూరమవుతుందన్న హెచ్చరిక ఆ రాజుగారి పేకలో ఉన్నది.

ఇంతలో సముద్రతీరాలనుండి ఫ్రెంచి గుర్తుల కట్ట లోపలికి వచ్చింది. అది ఎవరి వెంట వచ్చిందో మన మాటలే చెబుతవి. తెలుగువాడు 'కళావరు' అంటాడు. అది డచ్చివారి క్లావర్. 'తురుపు' వారి ట్రూఫ్. 'ఆఠీను'లో వారి హార్టెన్ వినబడుతుంది. 'ఇస్పేటు'లో పోర్చుగీసువారి ఖడ్గం, ఎస్పాద, దాగి ఉన్నది. మచిలీపట్నంలో డచ్చివారు పదిహేడవ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే వర్తకశాల పెట్టినారని గుర్తు చేసుకొంటే ఇందులో వింత లేదు. డచ్చివారు ఏలిన సింహళంలో కూడ కళావరు 'కలాబర'గా నిలిచి ఉన్నది.

సూరత్ ఈ కథలో మరొక రేవు. అక్బరు 1573లో దానిని జయించినాడు. తరువాతి శతాబ్దిలో ఇంగ్లీషువారు, డచ్చివారు, ఆర్మీనియనులు, అరబ్బులు అక్కడ చేరినారు. నేడు ఆ నగరానికి వచ్చేవారు ఓడలలో రావడం లేదు, రైళ్లలో వస్తున్నారు. నగరానికి ఆగ్నేయంగా, డిండోలిని ఆనుకొని నవాగామ్ ఉన్నది. గుజరాతీలో ఆ మాటకు కొత్త ఊరని అర్థం. నవాగామ్, లింబాయత్, ఉధనా ప్రాంతాలు మరమగ్గాలను, బట్టల మిల్లులను నమ్ముకొని వచ్చినవారి నివాసాలు. తెలంగాణపు పద్మశాలీలు, గంజాము ఒరియావారు, ఖాందేశపు మరాఠీవారు, ఉత్తరాది హిందీవారు ఆ నగరంలో కలిసి బ్రతుకుతున్నారు. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలను గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియా, తెలుగు, ఇంగ్లీషు అనే ఏడు మాధ్యమాలలో నడిపింది. గంజీఫాకు పేరెన్నికగన్న సీమలకు చెందిన భాషలు ఇన్ని ఒకేచోట కూడిన ఊళ్లు అరుదు. ఐనా వీరందరికీ ఉమ్మడి అయినది గంజీఫా కాదు, యాబదిరెండు ముక్కల పేక.

అదే ఎర్రని ముక్కను తెలుగువాడు ఆఠీను అంటాడు. హిందీవాడికి అది పాన్, అనగా తమలపాకు, మరాఠీవాడికి బదాం, గుజరాతీవాడికి ఒట్టి లాల్. పలకగుర్తు హిందీలో ఇటుక, మరాఠీలో చౌకట్టు. నల్లని ఈటెమొన హిందీలో హుకుం, గుజరాతీలో కాళీ. మూడాకుల గుర్తును హిందీవాడు చిడీ అని పిట్టపేరుతో పిలిస్తే, మరాఠీవాడి కిలవరు మన కళావరుకు తోడబుట్టినదిగా కనబడుతుంది. బొమ్మ ఏ అర్థమూ చెప్పదు గనుక ఎవరి ఇంటిలోని వస్తువును వారు అందులో చూచుకొన్నారు. ఫ్రెంచి తయారీవారు అర్థాన్ని తీసివేసినారు. మనవారు దానిని మాటలతో తిరిగి నింపినారు. మూలల్లో అచ్చైన ఇంగ్లీషు అక్షరాలు కూడ వారిని అడ్డగించలేదు. ఫ్రాన్సులో, జర్మనీలో ఆ అక్షరాలు వేరు. అంకెలూ గుర్తులూ మాత్రం అందరివీ.

ఈ గెలుపుకు వెల ఉన్నది. యంత్రం అచ్చువేసిన కట్ట చవక. చేతితో చిత్రించిన గంజీఫా దానితో పోటీపడలేదు. ముక్కలకు గిరాకీ పోగా నిర్మల నకాషీలకు బొమ్మలు, చిత్రపటాలే మిగిలినవి. సావంత్‌వాడిలో ఈ పని అడుగంటుతున్న దశలో, 1970 దశకారంభంలో అక్కడి భోంస్లే రాజకుటుంబం దానిని తిరిగి నిలబెట్టింది. రూడాల్ఫ్ వాన్ లైడెన్ జీవితకాలం సేకరించిన ముక్కల జ్ఞానం 1982లో లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో లోకానికి వెల్లడి అయినది. ఐతే అద్దాల బీరువాలో ఉన్న ముక్కకు నియమం తెలిసినవాడు ఉండడు. చేతులు మారని ముక్క చిత్రమే కాని పేక కాదు.

రెండు సమాధానాలలో ఏది మేలైనది? ఉమ్మడితనానికి ఖాళీ గుర్తు చాలునని చరిత్ర తేల్చినట్లు కనబడుతుంది. ఐనా నాలుగు శతాబ్దాలపాటు ఈ దేశంలో సులేమాను, ఇంద్రుడు, రాముడు, జగన్నాథుడు ఎవరి రూపాన్ని వారు వదలుకోకుండనే ఒకే నియమానికి కట్టుబడి ఆటలో నిలిచినారన్నది కూడ చరిత్రే. కలిసి ఆడడానికి ఒకేలా ఉండవలసిన పని లేదు. పందెం దించే క్రమం ఒకటైతే చాలును. గంజీఫా చేసినవారు ఆ సంగతిని గ్రంథాలలో చెప్పలేదు. చింతగింజల జిగురుతో అతికించిన గుడ్డమీద చిత్రించి పెట్టినారు.