హౌండ్ టార్ దారిలో

ఇంగ్లండు నైరృతి భాగమున, డెవన్ సీమలోని డార్ట్‌మూర్ బీళ్ళకు తూర్పుటంచున మేము కాపురముండు మానాటన్ గ్రామమునుండి డిసెంబరు మాసమున మంచు విడిన పిమ్మట బయలుదేరినచో, సాయంకాలము నాలుగు దాటగనే ప్రొద్దు గ్రుంకును గనుక, మార్గమధ్యమున ఎక్కువసేపు నిలుచుటకు వీలుండదు.

మొదట కనబడునది బౌవర్‌మన్స్ నోస్ అను శిలాస్తంభము. కుందేటి రూపము దాల్చిన మంత్రగత్తెను వెంటాడి అలసిన బౌవర్‌మన్ అను వేటకాడు మంత్రగత్తెల శాపముచే ఇట్లు శిలయయ్యెననియు, వాని జాగిలములే ఎదుటి హౌండ్ టార్ గుట్టపై రాళ్ళయి నిలిచెననియు పెద్దలు చెప్పుదురు. ఆ రాతి వయస్సు సుమారు 28 కోట్ల సంవత్సరములు. అయినను శీతకాలపు పొగమంచులో ఆ కథయే నిజమని తోచును.

దారుల కూడలియందు జే సమాధి యున్నది. అనాథయై పెరిగి, ఒక కమతమున పనికత్తెయై, మోసపోయి ఉరివేసుకొనిన జే అను పడుచును, ఆత్మహత్య చేసికొనినవారిని చర్చి ఆవరణమున పూడ్చనీయని ఆ కాలపు ఆచారము ననుసరించి దారిప్రక్కన పూడ్చిరని ప్రతీతి. 1860లో కూలీలు త్రవ్వగా ఎముకలు బయల్పడినవి. వానిని మరల అచ్చటనే పూడ్చి రాళ్ళు పేర్చిరి. నాడు ఊరు వెలివేసిన ఆ పిల్లకు నేడు ఎవరెవరో తాజా పువ్వులు తెచ్చి యుంచుచుందురు. ఇంతకంటె న్యాయమైన ప్రాయశ్చిత్తము నేనెరుగను.

హౌండ్ టార్ దిగువ వాలున మాత్రము కథలేని ఊరొకటి కలదు. ఒక కొసను మనుష్యులు, వేరొక కొసను పశువులు నివసించిన పొడవాటి యిండ్ల గోడలు మోకాలెత్తున నిలిచియున్నవి. తేమచే పంట ఎండని యీ సీమలో ధాన్యము నారబెట్టుకొనిన పొయ్యిల గుంటలును కానవచ్చును. చలియు వానలును హెచ్చుటచేతనో, 1348లో దేశమున ప్రవేశించిన మహామారి చేతనో ఈ ఊరు పాడుపడినదని పండితులు పలువిధముల వాదింతురు. ఎన్నడును పుట్టని వేటకానికి పేరు దక్కెను. తరతరములుగా ఈ రాతినేలను దున్ని తిన్నవారిలో ఒక్క కాపు పేరుగాని, ఒక్క యిల్లాలి పేరుగాని చెప్పు కథ మా గ్రామమున నేను వినలేదు. అందుచేతనే మా యింటికి వచ్చు అతిథులు శిలయైన వేటకాని చూతమన్నను, ముందుగా ఈ పొయ్యిలయొద్దకే తోడ్కొని పోవుచుందును.