కంచె గుంజ చెక్కడం తేలికే, చెట్టు దొరకడమే కష్టం

ఈరోజు టాపిక్ వింటే కొంతమందికి నవ్వొస్తుంది. కంచె గుంజ! అవును, దడికి పాతే కర్ర. దాని వెనకాల పెద్ద చరిత్రే ఉంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఊరొచ్చిన కొత్తలో తాతతో కలిసి పెరటి దడికి గుంజలు చెక్కాను. నేను మొన సూదిలా చెక్కి మురిసిపోతుంటే, "మొన కాదురా గుంటడా, మెడ చూడు. కర్ర పుచ్చేది మెడకాడే" అన్నాడు. మెడ అంటే నేల మట్టానికి వచ్చే చోటు. లోపల మట్టిలో గాలి తక్కువ, పైన తడి నిలవదు. ఈ రెండూ కలిసేది అక్కడే, అందుకే అక్కడే కుళ్లుతుంది. బెరడు పూర్తిగా ఒలిచి, నీడలో ఆరబెట్టి, పాతే భాగం మెడ పైదాకా మంట మీద తిప్పి కాల్చాడు. బెరడు ఉంచేస్తే దాని కింద చెద పడుతుందట.

మా మైదానంలో ఎక్కువగా తాడిని నిలువునా చీలుస్తారు. లోపలి మెత్తటి గుజ్జు తీసేసి, బయటి నల్లటి గట్టి భాగం వాడతారు. తీరం వైపు సర్వి కర్ర. కురుపాం, సాలూరు కొండల్లోకి వెళ్తే గుగ్గిలం, నల్లమద్ది ఉంటాయి. చేవదేలిన గుగ్గిలాన్ని చెద అంత తేలిగ్గా ముట్టదు.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, రిజర్వు అని ప్రకటించిన అడవిలో అనుమతి లేకుండా చెట్టు కొడితే నేరం. కొండల్లో చాలా భాగం జమీందార్ల చేతిలో ఉండేది, 1948 రద్దు చట్టం తర్వాత అదీ ప్రభుత్వానికి వచ్చింది. యజమాని మారాడు గానీ, సవరలకీ జాతాపులకీ నాగలి కర్రకైనా, ఇంటి వాసానికైనా, పోడు చేను గుంజకైనా ఒకరి దయే దిక్కు. అందుకే గిరిజన సంఘం గోడు అప్పులు, కూలి, భూమి దగ్గరే ఆగలేదు. అటవీ సిబ్బంది మామూళ్లు కూడా అందులో ఉన్నాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర దాడి జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత శ్రీకాకుళం ఏ దారి పట్టిందో మీకు తెలుసు.

గుంజ కోసమే ఉద్యమం వచ్చిందని నేను అనట్లేదు, తొందరపడి థంబ్‌నెయిల్ చూసి తిట్టకండి. రోజూ చేతిలో ఉండే కర్ర కూడా లెక్కలో ఉందంటున్నా, అంతే.

2006 అటవీ హక్కుల చట్టం చదివితే నాకో విచిత్రం కనిపించింది. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో వెదురుంది, కంప ఉంది, మోళ్లు కూడా ఉన్నాయి. కలప లేదు. అంటే దడి అల్లే సరుకంతా ఆ జాబితాలో ఉంది, దాన్ని నిలబెట్టే గుంజ తప్ప.

తాత చెక్కిన గుంజలు ఇంకా నిలబడే ఉన్నాయి. నావి రెండు పోయాయి, మెడ దగ్గరే.