రాత్రి దుకాణానికి లైసెన్సు: ఏలూరు – కొల్లేరు ప్రాంతంలో అబ్కారీ నిబంధనల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది మూడు విషయాలను వివరించగలగాలి: మద్యం లైసెన్సు ఏ చారిత్రక పరిస్థితుల్లో రూపుదిద్దుకుంది, నిషేధాలు వచ్చిపోయినా లైసెన్సు పద్ధతి ఎందుకు నిలిచింది, అమ్మే వేళ, అమ్మే చోటు గురించిన నిబంధనలు ఎవరి ప్రయోజనాలను కాపాడుతున్నాయి.

1. పరిచయం

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఒక బార్ అండ్ రెస్టారెంటు ముందు నుంచి మీరు చాలాసార్లు వెళ్లి ఉంటారు. రాత్రి ఒక వేళకు దాని షట్టరు దించేస్తారు. ఆ వేళను యజమాని నిర్ణయించడు, లైసెన్సు నిర్ణయిస్తుంది. లైసెన్సును కేవలం అనుమతి పత్రంగా చూస్తే దానిలోని చరిత్ర మనకు కనిపించదు. అందులో మూడు రకాల షరతులు ఉంటాయి: ఎవరు, ఎంత చెల్లించి అమ్మాలి, ఎక్కడ అమ్మాలి, ఎప్పటివరకు అమ్మాలి. మొదటిది ఖజానాకు సంబంధించినది. మిగిలిన రెండూ ప్రజల శాంతికి, ఆరోగ్యానికి సంబంధించినవి. దుకాణం ఎంత ఎక్కువసేపు తెరిచి ఉంటే ఖజానాకు అంత లాభం. ఎంత త్వరగా మూస్తే చుట్టుపక్కల ఇళ్లకు అంత నెమ్మది. సుమారు 140 ఏళ్ల మన అబ్కారీ చరిత్రను ఈ రెండు ప్రయోజనాల మధ్య పెనుగులాటగా చదవవచ్చని ఈ పాఠం ప్రతిపాదిస్తుంది. మనలను పాలించే శాఖ పేరు 'మద్యనిషేధ, ఎక్సైజు శాఖ'. ఆ పేరులోనే ఈ పెనుగులాట ఉంది.

2. గుత్త నుంచి లైసెన్సుకు

గోదావరి, కృష్ణా డెల్టాల్లో తాటిచెట్టు లేని ఊరు అరుదు. గీత వృత్తి మీద బతికే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. కంపెనీ పాలనలో కల్లు, సారా అమ్మే హక్కును గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు ప్రభుత్వానికి ఒప్పుకున్న మొత్తం కట్టి, ఆపైన వచ్చినదంతా తాను తీసుకునేవాడు. దుకాణం ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు తెరవాలి అన్నది చాలావరకు అతని ఇష్టం.

1886లో వచ్చిన మద్రాసు అబ్కారీ చట్టం ఈ స్థితిని క్రమంగా మార్చింది. తయారీ, రవాణా, అమ్మకం అన్నింటికీ లైసెన్సు తప్పనిసరి అయింది. కల్లు గీసే ప్రతి చెట్టుకు చెట్టు పన్ను కట్టాలి. దుకాణాలకు వేలం వేయాలి. లైసెన్సు పత్రంలో షరతులు రాసి ఇవ్వడం అలవాటైంది. అల్లర్లు జరుగుతాయన్న భయం ఉంటే దుకాణం మూయించే అధికారం మేజిస్ట్రేటుకు దక్కింది. ఎన్నికల పోలింగు ముగిసే ముందు 48 గంటలపాటు నేడు పాటించే మద్యరహిత కాలం వేరే చట్టం కింద వచ్చినా, దాని వెనుక ఉన్న ఆలోచన అదే.

1905–06లో భారత ఎక్సైజు కమిటీ దేశమంతటి అబ్కారీ పద్ధతులను పరిశీలించింది. ఆనాటి ప్రభుత్వ విధానాన్ని క్లుప్తంగా ఇలా చెప్పుకోవచ్చు: తాగుడు వీలైనంత తక్కువగా ఉండాలి, రాబడి వీలైనంత ఎక్కువగా ఉండాలి. కాగితం మీద ఇది పొందికగానే కనిపిస్తుంది. కానీ వేలంలో పెద్ద మొత్తం పాడుకున్న వ్యక్తి ఆ డబ్బును తాగేవారి నుంచే తిరిగి రాబట్టాలి. కాబట్టి పాట పెరిగినకొద్దీ వేళలు, కొలతలు దాటించాలన్న ఒత్తిడీ పెరుగుతుంది. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి. తరువాతి కాలాల్లోనూ ఇది మళ్లీ కనబడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: గుత్త పద్ధతికి, లైసెన్సు పద్ధతికి మధ్య ఉన్న రెండు తేడాలను రాయండి.

3. ఉద్యమం, నిషేధం, పతనం

1921 సహాయ నిరాకరణోద్యమంలో కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగు ఒక ముఖ్య కార్యక్రమం. 1930లో గాంధీజీ ఈ పనిని ప్రత్యేకంగా మహిళలకు అప్పగించారు. అబ్కారీ రాబడి బ్రిటిషు ప్రభుత్వానికి ముఖ్య ఆదాయం కనుక దుకాణం ముందు నిలబడటం రాజకీయ చర్య కూడా అయింది.

1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో నిషేధం ప్రారంభించింది. 1938లో అది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. పోయిన రాబడిని పూడ్చడానికి 1939లో మద్రాసు ప్రభుత్వం అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. మద్యం ఆదాయం వదులుకుంటే ఆ భారం మరెక్కడో పడుతుందని ఈ ఉదాహరణ చెబుతుంది. యుద్ధకాలంలో సడలిన నిషేధం మళ్లీ దశలవారీగా అమలై, 1948 అక్టోబరు నాటికి ఏలూరు కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరి సహా రాష్ట్రమంతటా విస్తరించింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి గీత కార్మికుల జీవనోపాధి పెద్ద ప్రశ్నగా మారింది. గౌతు లచ్చన్న నాయకత్వంలో కల్లుగీత సత్యాగ్రహం సాగింది. నిషేధం మీద నియమించిన రామమూర్తి కమిటీ దాన్ని ఎత్తివేయాలని సూచించింది. ప్రకాశం ప్రభుత్వం ఆ సూచనను అమలు చేయకపోవడంతో శాసనసభలో వచ్చిన తీర్మానం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ప్రభుత్వం పడిపోయింది. ఈ ఘటనను కేవలం తాగుడుకు అనుకూల, ప్రతికూల పక్షాల తగాదాగా చూడకూడదు. ఒక వృత్తిని చట్టం నేరంగా మార్చినప్పుడు, ఆ వృత్తిలోనివారికి బదులు ఏం చూపించారన్నది అసలు ప్రశ్న.

1956లో కలిసిన తెలంగాణలో నిషేధం లేదు. అక్కడ హైదరాబాదు సంస్థానపు అబ్కారీ పద్ధతి కొనసాగింది. ఒకే రాష్ట్రంలో రెండు విధానాలు నడిచాయి. 1968లో వచ్చిన ఎక్సైజు చట్టం ఈ పరిస్థితిని ముగించడానికి దారి తీసింది. 1960ల చివరికల్లా ఆంధ్ర ప్రాంతంలో నిషేధం తొలగి, లైసెన్సు తిరిగి వచ్చింది.

4. రాజ్యాంగం, న్యాయస్థానాలు

మద్యం అమ్మడం పౌరుని హక్కా? 1954లో కూవర్జీ భరూచా కేసులో సుప్రీంకోర్టు కాదన్నది. 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో అదే సూత్రాన్ని మరింత వివరంగా నిలబెట్టింది. లైసెన్సు అంటే ప్రభుత్వం తన ప్రత్యేకాధికారంలోంచి ఇచ్చే వాటా. కనుక వేళలూ షరతులూ నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి చాలా విస్తృతంగా ఉంది. 47వ అధికరణం నిషేధాన్ని ఆదేశిక సూత్రంగా పేర్కొంది.

ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాను కూడా చూడండి. మత్తు పానీయాలు 8వ అంశం, వాటి మీద ఎక్సైజు సుంకం 51వ అంశం, నాటకాలు, వినోదాలు 33వ అంశం. రాత్రి వినోదం జరిగే చోట ఈ మూడూ కలుస్తాయి. కానీ వాటిని చూసే అధికారులు వేరు. ఆటపాటకు పోలీసు అనుమతి, భవనానికి పురపాలక సంఘం అనుమతి, మద్యానికి ఎక్సైజు లైసెన్సు కావాలి. ఒకటి ఉన్నంత మాత్రాన మిగిలినవి ఉన్నట్టు కాదు.

5. సారా నుంచి బారు వరకు

1980లలో ప్రభుత్వం 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్లలో సారా సరఫరా చేసింది. 1986లో బేవరేజెస్ కార్పొరేషను ఏర్పడింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం ఊపందుకున్న కాలంలోనే, 1992లో దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఉద్యమంతో ముడిపడింది. లైసెన్సు షరతులు ఎన్ని ఉన్నా, దుకాణం ఉండాలా వద్దా అని ఊరి ఆడవారిని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నను వారే వేశారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించింది, సారా మీద నిషేధం మాత్రం మిగిలింది. దీని సామాజిక ఫలితాన్ని గమనించండి: పేదవాడి సారా పోయింది, అంతకంటె ఖరీదైన సీసా మద్యం నిలిచింది.

ఆ తరువాత లైసెన్సు ఇచ్చే తీరు పలుమార్లు మారింది. 2012లో దుకాణాల వేలం స్థానంలో నిర్ణీత రుసుము, లాటరీ వచ్చాయి. 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను మళ్లీ లాటరీ ద్వారా ప్రైవేటువారికి ఇచ్చింది.

6. గడియారం, టేపు

2025 సెప్టెంబరు 1 నుంచి అమలైన బార్ల విధానంలో వేళలు ఉదయం 10 నుంచి అర్ధరాత్రి 12 వరకు. లైసెన్సు రుసుము జనాభాను బట్టి ఉంటుంది: 50,000 వరకు ఉన్న ఊళ్లలో రూ.35 లక్షలు, 5 లక్షల వరకు రూ.55 లక్షలు, అంతకు మించితే రూ.75 లక్షలు. 2011 లెక్కల ప్రకారం ఏలూరు జనాభా 2 లక్షల పైచిలుకు, తాడేపల్లిగూడెం జనాభా లక్ష పైచిలుకు. రెండూ మధ్య వరుసలోకే వస్తాయి. దుకాణాలు మాత్రం రాత్రి 10కే మూయాలి. 21 ఏళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మకూడదు.

వేళలు కొలిచేది గడియారం అయితే, చోటును కొలిచేది టేపు. బడికి, గుడికి, ఆసుపత్రికి దుకాణం 100 మీటర్ల దూరంలో ఉండాలన్న నిబంధనలో, ఆ దూరాన్ని మనిషి మామూలుగా నడిచే దారి వెంట కొలవాలని రాసి ఉంది. మధ్యలో గోడ కడితే దారి చుట్టుతిరుగుతుంది, దూరం పెరుగుతుంది, నిబంధన నెరవేరినట్టవుతుంది. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు రోడ్డు ప్రమాదాల దృష్ట్యా జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం అమ్మకాన్ని నిలిపివేయమన్నది. 2017 మార్చి 31న 20,000 లోపు జనాభా ఉన్న స్థానిక సంస్థల్లో ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. అదే ఏడాది జూలైలో పురపాలక పరిధిలోని లైసెన్సులకు ఈ ఆదేశం అడ్డు కాదని స్పష్టం చేసింది. చెన్నై – కోల్‌కతా రహదారిని ఆనుకుని పెరిగిన ఏలూరు వంటి పట్టణాల్లో ఈ మూడు ఆదేశాల మధ్య తేడా ఎంత ఉంటుందో ఊహించవచ్చు. తాగి నడిపే లారీకి పురపాలక సరిహద్దు తెలియదు. నిబంధనకు మాత్రం ఆ సరిహద్దే ముఖ్యం.

ఇంగ్లండులోనూ ఇలాగే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు కర్మాగారాల పని చెడకూడదని పబ్బుల వేళలు కుదించారు. యుద్ధం ముగిసినా ఆ కుదింపు దశాబ్దాలపాటు మిగిలింది. 2005లో అమలైన చట్టంతో 24 గంటల లైసెన్సుకు కూడా వీలు కలిగింది. మూసే వేళను ప్రకృతి నిర్ణయించలేదు. ఆ కాలపు అవసరమే నిర్ణయిస్తుంది.

7. లైసెన్సు చేరని రాత్రి

తమ్మిలేరు, బుడమేరు నీళ్లు చేరే కొల్లేటి లంకల్లో, చేపల చెరువుల గట్ల మీద బార్లు ఉండవు. అలాగని మద్యం దొరకదని కాదు. లైసెన్సు ఉన్న దుకాణం నుంచి సీసాలు తెచ్చి అదనపు ధరకు అమ్మే బెల్టుషాపు అక్కడి వాస్తవం. దానికి మూసే వేళ లేదు, వయసు చూసే పని లేదు. పట్టణంలో నిబంధన బిగించి, పల్లెలో బెల్టుషాపును చూసీచూడనట్టు వదిలేస్తే, అమ్మకం ఆగదు, చోటు మారుతుంది.

దీనికి పెద్ద ఉదాహరణ సంక్రాంతి కోడిపందేల బరి. జంతు హింస నివారణ చట్టం (1960), రాష్ట్ర గేమింగ్ చట్టం (1974) ఈ పందేలను నిషేధించాయి. 2016 డిసెంబరులో హైకోర్టు వాటిని గట్టిగా అమలు చేయమన్నది. అయినా భోగి నుంచి కనుమ వరకు ఫ్లడ్‌లైట్ల వెలుగులో రాత్రంతా బరులు సాగడం, పక్కనే మద్యం అమ్మడం ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఒక్కరోజు వేడుకకు మద్యం వడ్డించాలంటే ఈవెంట్ పర్మిట్ తీసుకోవచ్చు. కానీ చట్టవిరుద్ధమైన పందేనికి ఏ అధికారీ పర్మిట్ ఇవ్వలేడు. అంటే ఈ ప్రాంతపు అతిపెద్ద రాత్రి వినోదానికి అసలు లైసెన్సు ప్రశ్నే రాదు. రుసుము కట్టి అర్ధరాత్రి షట్టరు దించే బారు యజమాని, ఏమీ కట్టని బరి పక్క దుకాణంతో పోటీపడవలసి వస్తోంది. గొడవ జరిగితే లైసెన్సు రద్దు చేస్తామని బారు యజమానిని భయపెట్టవచ్చు. లేని లైసెన్సును రద్దు చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

8. సారాంశం

గుత్త, వేలం, లాటరీ, ప్రభుత్వ దుకాణం: రాబడి రాబట్టే పద్ధతి తరచు మారింది. వేళ, దూరం, వయసు అనే షరతులు మాత్రం కొనసాగాయి. అయితే వాటి బలం పత్రంలోని మాటల్లో కాక, వాటిని అడిగే మనుషుల్లో ఉందని 1921 పికెటింగు, 1992 దూబగుంట చూపిస్తున్నాయి. గీత కార్మికుని ఉపాధి, ఇంటి ఆడవారి నెమ్మది, రోడ్డు మీద ప్రాణం, ఖజానా రాబడి: ఈ నాలుగింటిలో ఒక కొత్త నిబంధన దేనికి మొదటి చోటిచ్చిందో గుర్తించడం చరిత్ర విద్యార్థిగా మీ పని. ఓటరుగా కూడా అది మీ పనే.

మాదిరి ప్రశ్నలు

1. ఎక్కువ మొత్తానికి పాడిన వేలం లైసెన్సు షరతులను ఎలా బలహీనపరుస్తుందో వివరించండి.
2. 1954లో ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వ పతనంలో మద్యనిషేధ సమస్య పాత్రను చర్చించండి.
3. మీ ఊరిలో లైసెన్సు ఉన్న మద్యం దుకాణం నుంచి బడికి వెళ్లే నడకదారిని కొలిచి, మూసే వేళను గమనించి, నిబంధనతో పోల్చి ఒక పుట రాయండి.