చెరువు గట్టున పుచ్చుకున్న విశ్వాసం: కర్నూలు, కడప సీమల్లో బాప్తిస్మం, సెలవులు

కర్నూలు, కడప సీమల క్రైస్తవ సంఘాల చరిత్ర చాలావరకు నీటి గట్లమీద నడిచింది. ఏడాదిలో ఎక్కువ నెలలు వాగులు ఎండిపోయే ఈ నేలలో నిలిచిన నీరంటే చెరువే. దాన్ని పూర్వం రాజులు, రాజకుటుంబీకులు కట్టించారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించినట్లు 1369 నాటి శాసనం చెబుతోంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసిన సంగతి కూడా అందులోనే ఉంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ అడ్డుకట్ట వేయగా కంభం చెరువు ఏర్పడింది. దాన్ని కట్టించింది గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ అని ప్రతీతి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కంభం కర్నూలు జిల్లాలోనే ఉండేది.

ఈ సీమలో నీటిని పవిత్రంగా చూడటం క్రైస్తవంతో మొదలైంది కాదు. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయంలో యాత్రికులు ముందు తుంగభద్రలో మునిగాకే మఠంలోకి వెళ్తారు. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాలకు కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె కట్టుకుని నది ఒడ్డుకు చేరతాయి. క్రైస్తవ బోధకులు వచ్చేనాటికే ఈ అలవాటు జనంలో పాతుకుపోయి ఉంది.

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. 1850ల్లో కర్నూలు జిల్లా ముత్యాలపాడు ఆంగ్లికన్ మిషన్‌కు కేంద్రమైంది. తర్వాత నంద్యాలలో బోధకుల, ఉపాధ్యాయుల శిక్షణ స్థిరపడింది. ఈ రెండు సంఘాల్లోనూ శిశువులకు కూడా బాప్తిస్మమిచ్చేవారు. నీళ్లు నుదుట చిలకరించేవారు గనుక చెరువు అవసరం పడలేదు. 1870ల్లో కర్నూలులోను, ఆ తర్వాత కంభంలోను స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టుల పద్ధతి వేరు. వారు పసిబిడ్డలకు బాప్తిస్మమివ్వరు. తానేం నమ్ముతున్నదీ తన నోటితో చెప్పగల వయసు వచ్చాక మనిషిని నిండా ముంచి ఇస్తారు. కాబట్టి వారికి నీరు కావాలి, అదీ మొలలోతుకు తగ్గకూడదు.

ఈ పద్ధతికి ఈ సీమలో మరెక్కడా లేనంత బరువు ఎందుకు వచ్చిందో తెలియాలంటే నాటి ఊళ్లను చూడాలి. బాప్టిస్టు సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాదిగలు. కడప, నంద్యాల సంఘాల్లో మాలలు ఎక్కువ. ఊరి బావిలో చేద వేసే హక్కు వీరికి ఉండేది కాదు. ఎవరైనా దయతలచి పోస్తే దోసిలి పట్టాల్సి వచ్చేది. చెరువు తవ్వడంలో, కట్ట మరమ్మతులో ఒళ్లు వంచినవారికే ఆ నీటిలో చివరి రేవు. అలాంటి మనుషులు పదిమంది చూస్తుండగా తమ పేరు చెప్పుకుని నీళ్లలోకి దిగి, తడిబట్టలతో గట్టెక్కి, తోటివారితో కలిసి భోజనానికి కూర్చోవడం చిన్న సంగతి కాదు. మిషనరీల లెక్కల పుస్తకాలు ఎందరు చేరారో చెప్పాయి గానీ, అది ఆ మనుషులకు ఏమిటో అవి చెప్పలేవు.

1876–78 ధాత కరువు నాడు ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకానికి గుత్త పట్టి కరువుబాధితులకు కూలి పని చూపించాడు. సాయం అందుతున్నన్నాళ్లు, సుమారు 15 నెలలపాటు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం మతం మారారన్న మాట రాకూడదన్నది అతని పట్టుదల. అది సరైన పట్టుదలే. సాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. బాప్తిస్మమిచ్చిన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. కంభం చెరువును నింపి కిందికి పారే నది కూడా ఇదే.

పెద్దల తరం గుంపుగా వచ్చింది. వారి పిల్లల తరం ఒక్కొక్కరుగా రావలసి వచ్చింది. క్రైస్తవ ఇంట పుట్టినంత మాత్రాన బాప్టిస్టు సంఘంలో సభ్యత్వం రాదు. పన్నెండు, పదిహేనేళ్ల పిల్లవాడు సంఘ పెద్దల ముందు నిలబడి మారుమనస్సు గురించి అడిగిన ప్రశ్నలకు జవాబివ్వాలి, సాక్ష్యం చెప్పాలి. ఆంగ్లికన్ పిల్లలకు ఇంచుమించు ఆ వయసులోనే బిషప్పు తలమీద చేతులుంచే కన్ఫర్మేషన్ ఉండేది. అమ్మానాన్నల నమ్మకం తనదవునో కాదో తేల్చుకోవలసిన వయసుగా ఈ రెండు సంప్రదాయాలూ కౌమారాన్నే ఎంచుకున్నాయి. పిల్లల్లో చాలామంది మిషన్ బోర్డింగులో చదువుకునేవారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడే అమ్మానాన్నలతో, ఉపదేశితో తీరిగ్గా మాట్లాడే వీలు చిక్కేది.

సెలవులనూ నీటి ఒడ్డునూ విశ్వాసాన్నీ కలిపే ఏర్పాటు అదే కాలంలో వేరే దేశాల్లోనూ రూపుకట్టింది. 1874లో న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున సండేస్కూలు ఉపాధ్యాయుల వేసవి శిబిరం మొదలై, కుటుంబాలు విడిది చేసే ఊరుగా పెరిగింది. 1875లో ఇంగ్లండు సరస్సుల సీమలోని కెజిక్‌లో డేరాల కింద సభలు మొదలయ్యాయి. దక్షిణాదిలో ఆ స్థానం కొడైకెనాల్‌ది. మదురై అమెరికన్ మిషన్ 1845లో అక్కడ తొలి ఇళ్లు కట్టింది. 1863లో మదురై కలెక్టర్ వీర్ లెవింజ్ వాగుకు కట్ట వేయించి సరస్సు చేయించాడు. 1901లో మిషనరీల పిల్లలకు బడి వెలిసింది. తెలుగు జిల్లాల్లో పనిచేసే మిషనరీ కుటుంబాలు కూడా ఎండాకాలం ఆ కొండ ఎక్కేవి. పడవ షికార్లు, ప్రార్థన కూటాలు ఒకే రోజులో సాగేవి. కింద మైదానంలో సంఘాన్ని నడిపే ఉపదేశి కుటుంబానికి ఆ చల్లదనం అందలేదు. ఈ తేడాను చరిత్రలో దాచకుండా చెప్పాలి.

తెలుగు కుటుంబాలకు సెలవుల కూటాలు మరో దారిలో వచ్చాయి. సువార్తికుడు బఖ్త్‌సింగ్ 1941లో మద్రాసులో మొదలుపెట్టి, 1950 తర్వాత హైదరాబాదులోని హెబ్రోను ప్రాంగణంలో కొనసాగించిన హోలీ కాన్వొకేషన్లనే సభలకు పల్లెల నుంచి పిల్లాపాపలతో, పరుపుచుట్టలతో వెళ్లి పందిళ్లలో రోజుల తరబడి ఉండేవారు. వండేది, వడ్డించేది, తినేది అంతా కలిసే. 19వ శతాబ్దం చివర న్యూయార్క్‌లో పుట్టిన వేసవి బైబిలు బడి, వి.బి.ఎస్. పేరుతో ఇప్పుడు రాయలసీమ సంఘాల్లో పిల్లల సెలవుల్లో భాగమైంది. పాటలు, కథలు, కంఠత వాక్యాలతో సాగే ఆ బడి పెద్ద పిల్లలకు బాప్తిస్మం గురించిన తొలి ఆలోచన కలిగిస్తుంది.

వేసవిలో ఇక్కడి చెరువులు అడుగంటుతాయి గనుక సెలవుల్లో తీసుకున్న నిర్ణయం వానలదాకా ఆగవలసి వచ్చేది. ఈశాన్య రుతుపవనాల వేళ చెరువులు నిండేవి. ఆ ఇబ్బంది తీర్చడానికి చాలా సంఘాలు గుడి ఆవరణలోనే బాప్తిస్మపు తొట్టి కట్టుకున్నాయి. అయినా నిండిన చెరువు దగ్గరలో ఉంటే, కుటుంబమంతా కట్టమీద నిలబడి చూసేలా అక్కడికే వెళ్లేవారు నేటికీ ఉన్నారు. మొదట చెప్పుకున్న కంభం, పోరుమామిళ్ల చెరువులు రెండూ 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాకెక్కాయి.