బాగన్ దాతుక్ చిరువ్యాపారులకు స్థానిక మండలి బడ్జెట్, ఆర్థిక సహాయం: తెలుసుకోవలసిన విషయాలు

పేరాక్ రాష్ట్రంలో కొబ్బరి తోటలకు పేరుపడ్డ బాగన్ దాతుక్ ప్రాంతం 2017లో హిలిర్ పేరాక్ నుండి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. రుంకుప్, సుంగై సుమున్, హుతాన్ మెలింతాంగ్ వంటి ఊళ్ళు ఈ జిల్లాలోనివే. తోటల పనికి వచ్చిన మన పెద్దల సంతతిలో చాలామంది చిన్న దుకాణాలు, తినుబండారాల అంగళ్ళు, కొబ్బరి వ్యాపారం వైపు మళ్ళారు. కష్టకాలంలో వీరికి సహాయం ఎక్కడ దొరుకుతుంది? మజ్లిస్ ఏం చేయగలదు, ఏం చేయలేదు?

మజ్లిస్ బడ్జెట్ ఎలా తయారవుతుంది?

పేరాక్‌లోని స్థానిక మండళ్ళు 1976 స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం నడుస్తాయి. ప్రతి ఏడాదీ మండలి ఆదాయ వ్యయాల అంచనాలు ఆమోదించి రాష్ట్ర ప్రభుత్వ అనుమతికి పంపాలి. చుకాయ్ పింతు అని మనం పిలిచే ఆస్తిపన్ను, లైసెన్సు రుసుములు, అంగళ్ళ అద్దెలు, ప్రభుత్వ గ్రాంట్లు దీని ఆదాయం. చెత్త ఎత్తడం, కాలువలు, వీధి దీపాలు, మార్కెట్ల నిర్వహణ దీని ఖర్చు. స్థానిక ఎన్నికలు 1965లో నిలిచిపోయాయి. ఇప్పుడు కౌన్సిలర్లను రాష్ట్ర ప్రభుత్వమే నియమిస్తుంది. కాబట్టి మార్కెట్ కప్పు కారుతున్నా, కాలువ పూడినా, అంచనాలు తయారయ్యే ముందే మీ ప్రాంత కౌన్సిలర్‌కు రాతపూర్వకంగా తెలపడం మేలు.

చుకాయ్ పింతు, చుకాయ్ తానా ఒకటి కాదు

చుకాయ్ తానా భూమి పన్ను. అది రాష్ట్ర ప్రభుత్వానికి చెందుతుంది, దాన్ని భూమి కార్యాలయంలో కట్టాలి. చుకాయ్ పింతు మజ్లిస్‌కు చెందుతుంది, ఏడాదికి రెండు విడతలుగా కట్టాలి. చాలా చోట్ల దీన్ని కట్టడం ఏడాది అద్దె విలువపై లెక్కిస్తారు. ఉదాహరణకు నెలకు 500 రింగిట్ల అద్దె వచ్చే దుకాణానికి ఏడాది విలువ 6,000 రింగిట్లు. రేటు 6 శాతం అనుకుంటే ఏడాదికి 360, విడతకు 180 రింగిట్లు. అద్దె విలువపై చట్టం విధించిన గరిష్ఠ పరిమితి 35 శాతం.

కొత్త విలువ ఎక్కువగా ఉందని తోస్తే, పునఃపరిశీలన తేదీకి కనీసం 14 రోజుల ముందు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. అద్దెకు రాక ఖాళీగా ఉన్న కట్టడాలకు కొన్ని షరతులపై పన్ను వాపసు కోరే వీలూ చట్టంలో ఉంది. గడువు దాటితే ఈ హక్కులు ఉపయోగపడవు.

డబ్బు సహాయం ఎక్కడిది?

వ్యాపారికి డబ్బు సహాయం ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సంస్థల నుండే వస్తుంది. టెకున్ నేషనల్ సంస్థ భారత సంతతి వ్యాపారుల కోసం స్పూమి అనే రుణ పథకం నడుపుతోంది. 2024లో దీనికి అదనంగా 3 కోట్ల రింగిట్లతో ‘స్పూమి గోస్ బిగ్’ వచ్చింది. అందులో రుణ పరిమితి లక్ష రింగిట్లు. అదే ఏడాది అమానా ఇఖ్తియార్ సంస్థ భారత సంతతి మహిళల కోసం 5 కోట్ల రింగిట్లతో ‘పెన్’ పథకం ప్రారంభించింది. ఇవి గ్రాంట్లు కావు, తిరిగి కట్టవలసిన రుణాలు. కేటాయింపులు ఏటా మారుతుంటాయి కనుక దరఖాస్తుకు ముందు ఆ సంస్థ శాఖలోనే విచారించండి.

2020 నేర్పిన పాఠం

కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్ 6న, ప్రభుత్వం 210 కోట్ల రింగిట్ల ప్రత్యేక గ్రాంటు ప్రకటించింది. అర్హత గల ఒక్కొక్క సూక్ష్మ వ్యాపారికి 3,000 రింగిట్లు. 75 మంది లోపు పనివారున్న సంస్థలకు మనిషికి నెలకు 1,200 రింగిట్ల వేతన సబ్సిడీ కూడా ఇచ్చారు. అయితే ఇవన్నీ రికార్డుల్లో ఉన్న వ్యాపారాలకే. ఎన్నేళ్ళుగా అంగడి నడిపినా, కాగితం లేకపోతే ప్రభుత్వం దృష్టిలో ఆ వ్యాపారం లేనట్టే. మజ్లిస్ చేతిలో పెద్ద నిధులు లేకపోయినా, సహాయానికి తొలి మెట్టు అక్కడి లైసెన్సు కౌంటరే అని చెప్పడం అందుకే.

ముందే సిద్ధం చేసుకోవలసినవి

1. ఎస్.ఎస్.ఎం. నమోదు. సొంత పేరుతో అయితే ఏడాదికి 30 రింగిట్లు, వ్యాపార పేరుతో అయితే 60 రింగిట్లు.
2. మజ్లిస్ లైసెన్సు. దుకాణానికి, బోర్డుకు, వీధి అంగడికి, పసార్ మాలం అంగడికి వర్తించేది. గడువు ముగియక ముందే పొడిగించుకోవాలి.
3. వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా, రోజువారీ అమ్మకాల పుస్తకం.
4. పనివారుంటే పెర్కెసోలో వారి నమోదు.
5. ఆదాయపు పన్ను నంబరు.

ఏ మజ్లిస్‌కు వెళ్ళాలో తెలియకపోతే చుకాయ్ పింతు బిల్లు చూడండి. జిల్లా ఏర్పడిన నాటికి ఈ ప్రాంతం తెలుక్ ఇంతాన్ మునిసిపల్ కౌన్సిల్ పరిధిలో ఉండేది.

మలాయ్ ఫారాలు నింపడం కష్టమనిపించే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. చదువుకున్న పిల్లలు ఒక ఆదివారం కూర్చుని ఈ అయిదు కాగితాలు సరిచూసి పెడితే, మళ్ళీ కష్టం వచ్చిన రోజున అమ్మానాన్నల అంగడికి అందవలసిన సహాయం ఆగిపోదు.