చలికి చావని చేప

జల్‌పల్లిలో మా డాబా మీద ఒక సిమెంటు తొట్టి, దాని పక్కన పాత గోలెం ఉన్నాయి. రెండింటిలోనూ చేపలు పెంచాను. తొట్టిలో రంగురంగుల గప్పీలు, గోలెంలో ఎవరో తెచ్చి ఇచ్చిన బూడిదరంగు చేపలు. ఒక జనవరి తెల్లవారుజామున చూస్తే గప్పీలు వెల్లకిలా తేలి ఉన్నాయి. బూడిదరంగువి మాత్రం అడుగున కదలక మెదలక ఉండి, ఎండెక్కగానే ఏమీ జరగనట్టు పైకి వచ్చాయి. ఈ తేడాకు కారణం వెదకబోతే అది నూరేళ్ళ పైబడిన ఒక కథకు దారి తీసింది.

ఆరుబయట చేపల పెంపకం, చలికాలంలో వాటి సంరక్షణ అనగానే మనకు శీతదేశాలే గుర్తుకొస్తాయి. చైనాలో సాంగ్ వంశపు కాలం నుంచి తోటల్లో పెరిగిన గోల్డ్‌ఫిష్ మంచు కప్పిన కొలనులోనూ బతుకుతుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది కనుక ఆ నీరే అడుగుకు చేరుతుంది. చేప అక్కడ తిండి మాని, కదలిక తగ్గించి శీతకాలం గడిపేస్తుంది.

మనకు అంతటి చలి లేదు. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. అయితే డాబా మీది తొట్టిలో నీరు జానెడు లోతే. రాత్రి గాలితోపాటే అదీ చల్లబడుతుంది. బావి సంగతి వేరు. మాఘమాసపు ఉదయాన చేదుకున్న బావినీరు గోరువెచ్చగా ఉండటం పాతతరం వారికి తెలిసిందే. ట్రినిడాడ్, వెనిజులా ప్రాంతాల గప్పీ మన బావుల్లో నిలదొక్కుకుని, నా తొట్టిలో చచ్చిపోవడానికి ఈ లోతే కారణం. తప్పు చలిది కాదు, నాది.

ఇంతకీ ఈ పరదేశి చేపలు మన బావుల్లోకి ఎందుకు వచ్చాయి? దోమల వల్ల. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. ఆ తరువాత ప్రపంచమంతా దోమల పుట్టుకను అరికట్టే దారులు వెదకసాగింది. పట్టణాల్లో మలేరియాను వ్యాపింపజేసే ఒక జాతి దోమ బావుల్లో, ఇంటి నీటి తొట్లలోనే గుడ్లు పెడుతుంది. తాగే నీటిలో కిరసనాయిలు పోయలేము కదా! దోమ పిల్లపురుగులను తినే చేపను వదలడం సులువైన ఉపాయంగా తోచింది.

అలా ఎన్నుకోబడినదే గంబూసియా, అంటే నా గోలెంలోని బూడిదరంగు చేప. అమెరికాలోని టెక్సస్ నుంచి 1905లో హవాయి దీవులకు, 1921లో స్పెయిన్‌కు, మరుసటి ఏడు ఇటలీకి చేరింది. ఇటలీ నుంచి 1928లో బెంగుళూరుకు తెప్పించారు. అక్కడి నుంచి దేశమంతా పాకింది. 1971లో మొదలైన పట్టణ మలేరియా పథకం గప్పీతోపాటు దీన్నీ వాడుకుంది. గుడ్లు పెట్టకుండా పిల్లలనే కంటుంది కనుక మరో తొట్టి, మరో ఏర్పాటు అక్కరలేదు. మంచుకు దగ్గరైన చల్లదనం నుంచి నలభై డిగ్రీల వేడి దాకా ఓర్చుకుంటుంది. మురికి నీరైనా సరే. దీని పేరు మాత్రం చిత్రమైనది: క్యూబాలో పనికిమాలినదానికి వాడే మాట నుంచి వచ్చిందట. వలలో ఏమీ పడకపోతే అక్కడివారు ఆ మాట అంటారు.

ఆ గట్టిదనం కోసమే దాన్ని తెచ్చారు. ఇప్పుడు ఆ గట్టిదనమే చిక్కయి కూర్చుంది. గంబూసియా దోమ పిల్లలతో ఆగదు. ఇతర చేపల గుడ్లను, పిల్లలను తింటుంది, తనకంటే పెద్దవాటి రెక్కలను కొరుకుతుంది. ప్రపంచంలో అతి హానికరమైన నూరు పరదేశి జీవుల జాబితాలో దానికీ చోటు దక్కింది. 2025 జనవరిలో జాతీయ హరిత ధర్మాసనం గంబూసియా, గప్పీల వాడకంపై కేంద్ర ప్రభుత్వాన్ని సమాధానం అడిగింది.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. మన చెరువుల్లో ఆ పని చేయగల చేప ఎప్పటినుంచో ఉంది. తలమీద వెండిచుక్కతో నీటి పైపొరలోనే తిరిగే చిన్న చేప, శాస్త్రజ్ఞులు ఆప్లోకైలస్ అంటారు. దోమ పిల్ల గాలి కోసం వచ్చేదీ ఆ పైపొరకే! 1940ల్లో రహీముల్లా ప్రభృతులు హైదరాబాదు సంస్థానపు చేపలను సర్వే చేసి ప్రకటించారు. అంటే మన నీళ్ళలో ఏమున్నదో తెలియని కాలం కాదది. అయినా ఇటలీ నుంచి తెచ్చిన చేపకు దక్కిన ప్రచారం ఇంటి చేపకు దక్కలేదు. పరిగెలను, ఇలాంటి చిరుచేపలను కూరకు కూడా చాలనివిగా చూడటం మనకు అలవాటు.

ఇప్పుడు నా తొట్టి లోతు మోకాలి దాకా పెంచాను. డిసెంబరు రాగానే రాత్రిపూట గోనెపట్టా కప్పుతాను, చలి రోజుల్లో సాయంత్రం మేత వేయను. తిన్నది అరగక నీటిని చెడగొడుతుంది. గప్పీలు మళ్ళీ పెంచుతున్నాను, ఈసారి రెండు శీతకాలాలు దాటాయి.

గోలెంలోని వాటికి ఈ సేవలేవీ అక్కరలేకపోయింది. ఏటా రెట్టింపవుతున్నాయి. అడిగినవారికి ఇవ్వడం మానేశాను. వానాకాలంలో గోలెం పొంగితే డాబా గొట్టం కాలువలోకి, కాలువ చెరువు వైపు పోతుంది. అందుకని గొట్టం మూతికి దోమతెర గుడ్డ కట్టాను.