బ్లాక్ స్పర్ ఘాటు మీద కారవాన్

వెలుగోడు నుంచి ఆత్మకూరు మీదుగా దోర్నాల ఘాటు ఎక్కినవాళ్లకు బ్లాక్ స్పర్ గురించి చెప్పడం తేలిక. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌కు ఈశాన్యంగా హీల్స్‌విల్ ఊరు దాటాక మొదలవుతుంది. అదే సన్న రోడ్డు, అవే మలుపులు, రెండు పక్కలా అడవి. తేడా అంతా చెట్లలోనే. ఇక్కడివి మౌంటెన్ యాష్‌లు. మన నీలగిరి చెట్టు జాతే గానీ, పూలు పూసే చెట్లలో ఇంతకన్నా ఎత్తుకు పోయేవి ప్రపంచంలో అరుదు. వాటి కింద మనిషిని మించిన ఫెర్న్ చెట్లు.

మా కారు వెనక కారవాన్ తగిలించి ఉంది. మంచం, పొయ్యి, సింకు అన్నీ అమర్చిన చక్రాల గది అది. మలుపులో దాని చక్రం లోపలికి కోసుకొస్తుంది కాబట్టి తిప్పేటప్పుడు వెడల్పుగా తీసుకోవాలి. వెనక నాలుగు బండ్లు చేరితే పక్కకు ఆగి దారివ్వడం ఇక్కడి మర్యాద.

ఈ దేశానికి చరిత్రేముంది అంటారు మనవాళ్లు. కోటల్లేవు, శాసనాల్లేవు, నిజమే. ఈ ఘాటు మీద ఎవరెవరు నడిచారో తెలుసుకుంటే మాత్రం ఆ మాట అనరు.

1860లలో కొండల అవతల వుడ్స్ పాయింట్ దగ్గర బంగారం దొరికింది. దానికోసం జనం ఈ దారినే ఎగబడ్డారు. వాళ్ల మజిలీగా పుట్టిందే మేం పోతున్న మేరీస్‌విల్. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1863లో, ఎదురు దిక్కు నుంచి ఇంకో గుంపు కొండ దిగింది. వాళ్లు కులిన్ ఆదివాసులు. అకెరాన్ నది పక్కన సాగు చేసుకుంటుంటే పశువులు మేపే తెల్ల ఆసాములు నిలవనీయలేదు. వాళ్ల పెద్దలు సైమన్ వొంగా, విలియం బరాక్ ముందు నడిచి, తమవాళ్లను బ్లాక్ స్పర్ దాటించి, హీల్స్‌విల్ పక్కన కొరండెర్క్‌లో దింపారు. అక్కడ బీరులో వేసే హాప్స్ పండించి 1880-81 మెల్బోర్న్ అంతర్జాతీయ ప్రదర్శనలో బహుమతి కొట్టారు. భూమి అంత బాగా పండడమే వాళ్లకు ముప్పయింది. చుట్టుపక్కల ఆసాముల కన్ను పడింది. 1886లో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి, మిశ్రమ సంతానమన్న పేరుతో పడుచువాళ్లను బయటికి పంపేశారు. పని చేసే చేతులే లేకపోతే పొలం ఎన్నాళ్లు నిలుస్తుంది? 1924లో మూసేశారు. నల్లమల చెంచుగూడేలు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మనబోటి వాళ్ల సంగతి వేరు, అసలు రానిచ్చేవాళ్లే కాదు. 1901 వలస చట్టం కింద, వద్దనుకున్న మనిషికి ఏదో ఒక యూరప్ భాషలో యాభై పదాలు డిక్టేషన్ చెప్పేవాళ్లు. ఆ భాష అతనికి రానిదైనా సరే. 1958లో ఆ పరీక్ష పోయింది. రంగును బట్టి ఎంచే విధానం పూర్తిగా పోయింది 1973లో. నేనిక్కడ కారవాన్ లాగుతున్నానంటే దాని పుణ్యమే.

అడవి చరిత్ర ఇంకో తీరు. ఈ చెట్లలో చాలావాటిది ఒకటే వయసు. 1939 జనవరి 13న తారస్థాయికి చేరిన మంటల్లో విక్టోరియా రాష్ట్రంలో 71 మంది పోయారు. పెద్ద మంటకు మౌంటెన్ యాష్ బతకదు. కొమ్మల చివర కాయల్లో దాచిన విత్తనాన్ని బూడిదలోకి రాల్చి చస్తుంది. మీద నీడ లేక, ఎండ తగిలి, మొలకలన్నీ ఒక్కసారి లేస్తాయి. ఇప్పుడు మనం తలెత్తి చూసేది ఆ మొలకలనే. 2009 ఫిబ్రవరి 7న మళ్లీ తగలబడింది. రాష్ట్రంలో 173 మంది చనిపోయారు, మేరీస్‌విల్ దాదాపు ఊరంతా పోయింది. అందుకే ఇంత పాత ఊళ్లో ఇళ్లు దాదాపు అన్నీ కొత్తవి.

కారవాన్ పార్కు ఊళ్లోనే ఏటి ఒడ్డున ఉంది. కరెంటు తగిలించి, నీళ్ల పైపు బిగించి, బొరుగులు తడిపి ఉగ్గాని తాలింపు వేస్తే కాకటూ పక్షులు గుమ్మానికొచ్చాయి. స్టీవెన్‌సన్ జలపాతం అక్కడికి దగ్గరే, 84 మీటర్లు. చీకటి పడ్డాక దాని మీద లైట్లు వేస్తారు. వాటికి కరెంటు ఆ నీళ్లతోనే, చిన్న టర్బైను తిప్పి తీస్తారు.

రావాలనుకుంటే జనవరి, ఫిబ్రవరి వద్దు, అవి ఇక్కడ ఎండాకాలం. మంటల భయంతో నిషేధం ప్రకటించిన రోజు ఆరుబయట కట్టెల పొయ్యి ముట్టించడం నేరం. జూలై చలికాలం, నీళ్లు నిండుగా ఉంటాయి, పక్క కొండ మీద మంచు కూడా పడుతుంది. కారవాన్‌లో హీటరుందో లేదో అడిగి బుక్ చేసుకోండి.